ముందు మన రిజిస్టర్లు

జూలై 7, 2025, సోమవారం
హిందూపురం

ఈ సంవత్సరం నుంచి ప్రతి టీచరూ ఒక యాక్షన్ రీసెర్చ్, అంటే తన క్లాసులోని ఒక చిక్కును తానే పరీక్షించి చూడడం, చేసి డిసెంబరుకల్లా రిపోర్టు ఇవ్వాలట. చైర్మన్ గారి మెసేజ్ పొద్దున్నే మా మూడు స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్ల గ్రూపుల్లోనూ పడింది. మధ్యాహ్నానికి అందరూ దండం బొమ్మలు పెట్టేశారు. సాయంత్రం బ్యాచి వదిలాక ఒక టీచరమ్మ మెట్ల దగ్గర నన్నాపి, "సార్, ఎవరైనా చేసిన రిపోర్టు పీడీఎఫ్ ఉంటే పంపండి, పేర్లు మార్చుకుంటాం" అంది. దాచుకోకుండా అడిగింది, అందుకు మెచ్చుకోవాలి.

టీచరు చేతిలో ఉన్నదెంత? బోర్డు మీద రాసేది తగ్గించి పిల్లల చేత మాట్లాడించగలదు. గ్రామరు ముందా, సంభాషణ ముందా తేల్చుకోగలదు. బ్యాచికి ఎంతమంది, ఏ టైముకు పెట్టాలి, కొత్తగా చేరినవాళ్ళను ఏ లెవెల్లో కూర్చోబెట్టాలి, ఏ పుస్తకం కొనాలి, ఫీజు ఎన్ని వాయిదాల్లో కట్టించుకోవాలి, ఇవన్నీ తేల్చేది ఇంచార్జీలు, నేను, చైర్మన్ గారు. వీటిలో ఒక్కదాన్నీ ఎవరూ పరీక్షించి పెట్టింది లేదు. ఎప్పుడో ఎవరో పెట్టారు, నడుస్తోంది. అడ్మిషన్లు తగ్గితే టీచర్లకు ట్రైనింగు. పిల్లలు మానేస్తే మళ్ళీ టీచర్లకే ట్రైనింగు. జ్వరం ఒకరికి, సూది ఇంకొకరికి.

రాత్రి ఫోన్ చేసి చైర్మన్ గారికి ఒకే మాట చెప్పాను. టీచర్లను కొన్నాళ్ళు వదిలేద్దాం, ముందు ముగ్గురు ఇంచార్జీలూ తలా ఒక ప్రశ్న పట్టుకోనీ. "వాళ్ళెందుకప్పా, వాళ్ళు అడ్మిషన్లు చూసుకోవల్ల గదా" అన్నారు. వద్దని మాత్రం అనలేదు.

జూలై 12, శనివారం
పెనుకొండ

ముగ్గురికీ మధ్యలో ఉంటుందని మీటింగ్ ఇక్కడ పెట్టాను. హిందూపురం నుంచి మేడం, ధర్మవరం నుంచి అబ్బాయి రైల్లో వచ్చారు. పెనుకొండ ఇంచార్జి రిటైర్డ్ హెడ్మాష్టరు, నడిచొచ్చారు. కిటికీలోంచి కొండ మీది కోట గోడ కనిపిస్తోంది. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు ఇక్కడికి మకాం మార్చారని హెడ్మాష్టరు గారు కొత్తవాళ్ళెవరొచ్చినా చెబుతారు. ఇవాళ చెప్పలేదు, కోపం మీద ఉన్నారు.

"రీసెర్చ్ అంటే యూనివర్సిటీవాళ్ళది సార్. నా ఎం.ఫిల్. నేనే సగంలో వదిలిపెట్టినా. ఇప్పుడు ఈ వయసులో చాప్టర్లు రాయమంటారా?"

మేడం దానికి పూర్తిగా ఎదురు. గూగుల్ ఫారం తయారు చేసుకునే వచ్చింది. 'మా టీచింగ్ మీకు ఎంతవరకు సంతృప్తినిచ్చింది?' కింద అయిదు చుక్కలు. ఫీజు కట్టించుకునే ఇంచార్జి మేడం పంపిన ఫారంలో పిల్లలు అయిదో చుక్క కాక ఏది నొక్కుతారు? మేనేజరు చేసే రీసెర్చ్‌కి పుట్టుకతో వచ్చే తిప్పలు ఇవి. మనం అడిగితే మనకు నచ్చేదే చెబుతారు. టీచర్లూ అంతే, పిల్లలూ అంతే, వాళ్ళ అమ్మానాన్నలు ఇంకాస్త ఎక్కువ. కాబట్టి నోటితో అడిగేది తగ్గించి, బీరువాలో మగ్గుతున్న కాగితాలు తీయమన్నాను. అటెండెన్స్ రిజిస్టర్లు, ఎంట్రన్స్ పేపర్లు, ఫీజు రసీదులు. ఆపైన ఇంకొక్క షరతు: జవాబు తెలిస్తే మీ చేతుల్తో మీరు మార్చగలిగే సంగతే పట్టుకోండి. 'ఆంధ్రలో ఇంగ్లిష్ చదువు' అని మొదలుపెడితే మనం పోయినా అది తెగదు.

హెడ్మాష్టరు గారి కోపం దించడానికి హార్వుడ్ సంగతి చెప్పాను. యాక్షన్ రీసెర్చ్ అనే మాటకు పేరు తెచ్చిన కర్ట్ లెవిన్ తన వ్యాసం వేసింది 1946లో. కానీ అంతకు ఏడేళ్ళ ముందే, 1939లో, అమెరికాలో వర్జీనియా రాష్ట్రం మారియన్ ఊళ్ళో పైజమాలు కుట్టే హార్వుడ్ కంపెనీ ఆయన్ను పిలిపించుకుంది. పిలిచింది ఆ కంపెనీ యజమాని ఆల్ఫ్రెడ్ మారో, ఆయన కూడా సైకాలజీ చదివినవాడే. కుట్టే పద్ధతి మార్చినప్పుడల్లా పనివాళ్ళు ఎందుకు డీలా పడుతున్నారు, ఎందుకు మానేస్తున్నారు అన్నది వాళ్ళ ప్రశ్న. లెవిన్‌తో పనిచేసిన ఫ్రెంచ్ అనే ఆయన, ఆ కంపెనీలోనే పనిచేసే లెస్టర్ కోచ్ కలిసి 1948లో అచ్చేసింది చదివితే, మార్పు గురించి ముందే కూర్చోబెట్టి మాట్లాడిన గుంపులు త్వరగా పుంజుకున్నాయి, ఉత్తర్వు మాత్రమే అందుకున్న గుంపు గునుస్తూనే ఉండిపోయింది, అందులో కొందరు మానేశారు. అంటే ఈ రీసెర్చ్ బళ్ళోకి రాకముందు ఫ్యాక్టరీలో నడిచింది, అదీ యజమాని పూనుకుంటే.

"పైజమాలా?" అన్నాడు ధర్మవరం అబ్బాయి. రోజంతా వాడు మాట్లాడింది ఆ ఒక్కటే.

జూలై 20, ఆదివారం

సెలవు. ఎల్లిస్ గురించి మళ్ళీ చదివాను. ఈ ముగ్గురికీ చెప్పవలసిన కథ అసలు ఇదే, పైజమాల కన్నా దగ్గరిది.

1812లో మద్రాసులో కుంఫిణీవాళ్ళు సెయింట్ జార్జి కోట కాలేజీ పెట్టారు. సీమ నుంచి ఓడ దిగిన కుర్ర సివిలియన్లకు తెలుగు, అరవం, కన్నడం వగైరాలు నేర్పి జిల్లాలకు పంపడం దాని పని. పరీక్ష గట్టెక్కితే జీతం పెరుగుతుంది. మా సెంటరు లాంటిదే, కాకపోతే అక్కడ దొరలు నేర్చుకునేవాళ్ళు, మనవాళ్ళు చెప్పేవాళ్ళు. దాని బోర్డులో ముఖ్యుడు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, అసలు ఉద్యోగం మద్రాసు కలెక్టరు. పండితుల నియామకాలు, పరీక్షలు, ఏ పుస్తకం అచ్చువేయాలి అన్న కాగితాలు ఆ బోర్డు బల్ల మీదికే వచ్చేవి. ఇలాంటి బల్ల ముందు కూర్చున్న మనిషికి సంతకాలతోనే తెల్లారిపోతుంది, నాకు తెలుసు.

అప్పట్లో పెద్ద పండితుల మాట ఏమిటంటే దక్షిణాది భాషలన్నీ సంస్కృతం నుంచి పుట్టినవేనని. మిషనరీ పండితుడు కేరీ అంతటివాడు అదే అన్నాడు. కాలేజీ ఉన్నదే భాష నేర్పడానికి. అది ఎక్కడి నుంచి వచ్చిందో తప్పుగా అనుకుంటే పాఠం కూడా ఆ దారే పడుతుంది. ఎల్లిస్ ఆ మాటను నమ్మి ఊరుకోలేదు. కాలేజీలో సంస్కృతాంధ్రాల పెద్ద పండితుడు పట్టాభిరామశాస్త్రి. ఆయన కట్టిన తెలుగు ధాతువుల పట్టిక ఉంది. ఎల్లిస్ దాన్ని సంస్కృత ధాతువుల పట్టిక పక్కన పెట్టి చూశాడు, పొసగలేదు. అరవం, కన్నడం ధాతువుల పక్కన పెట్టాడు, పొసిగింది. ఈ భాషలది వేరే కుటుంబమని తేలింది. కాలేజీ బోర్డు కార్యదర్శి క్యాంప్‌బెల్ 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసినప్పుడు దాని ముందు ఎల్లిస్ రాసిన ఈ 'నోట్' చేరింది. ద్రావిడ భాషల గురించి అందరూ గొప్పగా చెప్పుకునే కాల్డ్‌వెల్ పుస్తకం 1856లో గానీ రాలేదు, నలభై ఏళ్ళు ఆలస్యం. ఎల్లిస్ 1819లోనే రామనాథపురంలో పోయాడు. ఆయన బోర్డులో ఉండగానే, 1817లో, ఆ కాలేజీలో చేరిన ఒక కుర్రాడు 1820లో ఉద్యోగానికి కడపకు వచ్చాడు, సి.పి. బ్రౌన్.

నాకు ఇందులో నచ్చేది ఫలితం కాదు. ఆయన కొత్తగా సర్వేలేమీ పెట్టలేదు. తన కాలేజీలోనే ఉన్న ఒక కాగితం పక్కన ఇంకో కాగితం పెట్టాడు. ఆ కాగితం కట్టింది కింద పనిచేసే పండితుడు. పై కుర్చీలో ఉన్నవాడు రీసెర్చ్ చేస్తే కిందివాళ్ళు ఎప్పుడో చేసిపెట్టిన పని వెలుగులోకి వస్తుంది. పేరు ఎవరికొస్తుందన్నది వేరే గొడవ. శాస్త్రిగారి పేరు మనలో ఎంతమందికి తెలుసు?

జూలై 23, బుధవారం
ధర్మవరం

రేపటితో ఆషాఢం ఆఖరు. స్టేషన్ నుంచి సెంటరు దాకా ఏ సందులో చూసినా మగ్గం చప్పుడే. శ్రావణంలో పెళ్ళిళ్ళు, వరలక్ష్మీవ్రతం. చీర ఇప్పుడు షావుకారుకు అందకపోతే ఆ నెల బేరం పోయినట్టే.

అబ్బాయి నన్ను సెంటరుకు కాదు, వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. ముందు గదంతా మగ్గమే, జకార్డు పెట్టె పైకప్పుకు ఆనుకుని ఉంది. పాత పడుగు అయిపోయింది, కొత్తది అతుకుతున్నారు. వాళ్ళమ్మ, పిన్ని చెరోవైపు కూర్చుని వేళ్ళకు విభూది అద్దుకుంటూ, పాత పోగు కొసకు కొత్త పోగు కొస చేర్చి మెలేస్తున్నారు. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. చూపు ఎత్తరు. మధ్యలో లేస్తే వరస తప్పుతుందట. పోగులు వేలల్లో. చెల్లెలు అందిస్తూ కూర్చుంది. ఆ పిల్ల మన సెంటరులో సాయంత్రం బ్యాచి.

"అచ్చు అతికే దినం ఇంట్లో ఎవుర్నీ బయటికి ఇడ్సరు సార్" అన్నాడు.

అప్పుడు తీశాడు రెండు పుస్తకాలు. ఒకటి మన అటెండెన్స్ రిజిస్టరు. రెండోది వాళ్ళింటి చీరల లెక్క, ఏ రోజు పడుగు ఎక్కింది, ఏ రోజు చీర దిగింది, మజూరీ ఎంత ముట్టింది. నేత ఇళ్ళ నుంచి వచ్చే ఇంకొందరిని కూడా అడిగి వాళ్ళ పుస్తకాలు చూశాడట. రిజిస్టరులో వరసగా ఆబ్సెంట్ పడిన చోటల్లా పెన్సిలు గీత. ఎక్కువ గీతలు పడుగు మారిన రోజుల్లోనే.

ధర్మవరం బ్యాచీలు నిలవవని, ఇక్కడివాళ్ళకు ఇంగ్లిష్ మీద ఆసక్తి లేదని మా రివ్యూల్లో ఎన్నేళ్ళుగానో వింటున్న మాట. టీచర్లను మార్చారు, పుస్తకాన్ని మార్చారు, గోడలకు రంగులు వేశారు.

ఇంతటితో ఆగి ఉంటే సగమే. వాడు ఇంకో మెట్టు దిగాడు. నాలుగు రోజులు రానివాళ్ళు అయిదో రోజు రావాలి కదా, కొందరు ఎందుకు అసలే రావడం లేదు? మానేసినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళాడు. ఇంచార్జిగా కాదు, వీధివాడిగా. వాకిట్లో కూర్చుని, చీర ధర అడిగి, ఆ తర్వాత. ఒకమ్మాయి చెప్పిందట: "తిరిగొస్తే పాఠం యాడుందో తెలీదు అన్నా. పైగా అందరి ముందర 'ఇన్ని దినాలు ఎందుకు రాలేదు' అని ఇంగ్లిష్‌లో అడుగుతారు. చెప్పనీకి రాదు. సిగ్గయ్యి రాలేదు."

రాకపోవడం వల్ల మానలేదు. తిరిగి రావడం కష్టమై మానేశారు. రెంటికీ ఎంత తేడా! మొదటిదానికి మనం చేయగలిగింది లేదు, మగ్గాన్ని ఆపలేం. రెండోది పూర్తిగా ఇంచార్జి చేతిలోది. కోర్సును వారానికొక తునక చేసి, ఏ సోమవారం వచ్చినా కలిసిపోయేట్టు పెడితే సరిపోవచ్చు. గుమ్మంలో ఆ ప్రశ్న అడగకుండా ఉంటే ఇంకా మంచిది.

మానేసిన వాళ్ళంతా ఈ లెక్కలో పడలేదని కూడా వాడే రాసుకున్నాడు. కొందరు బెంగళూరు బట్టల షాపుల్లో పనికి వెళ్ళిపోయారు, ఒకమ్మాయికి పెళ్ళయింది, ఒకతను ఫీజు కట్టలేక ఆగాడు. తన ఊహకు సరిపడనివి కూడా దాచకుండా రాశాడే, అందుకే పుస్తకాల్లోని యాక్షన్ రీసెర్చుల కన్నా ఈ పెన్సిలు గీతల మీద నాకు నమ్మకం.

ఆగస్టు 7, గురువారం
హిందూపురం

చేనేత దినోత్సవం, రేపు వరలక్ష్మీవ్రతం, సెంటరు ఖాళీ. మేడం పాత ఎంట్రన్స్ పేపర్లు నేల మీద పరిచి కూర్చుంది. ఇక్కడ పద్ధతి ఏమంటే, చేరడానికి వచ్చినవాళ్ళకు తెలుగు వాక్యాలిచ్చి ఇంగ్లిష్‌లోకి మార్చమంటారు. మార్కులు తక్కువొస్తే బేసిక్ బ్యాచి.

హిందూపురం దాటితే కర్ణాటక. మడకశిర వైపు ఊళ్ళలో చాలా ఇళ్ళల్లో కన్నడం, ఊళ్ళో ముస్లిం ఇళ్ళల్లో ఉర్దూ. ఆ పిల్లల పేపర్లు విడిగా పెట్టి చూస్తే ఇంగ్లిష్‌లో తప్పులు కాదు, అసలు రాయకుండా వదిలేసినవే ఎక్కువ. తెలుగు వాక్యం చదవడం దగ్గరే ఆగిపోయారు. మనం ఇన్నాళ్ళూ కొలిచింది వాళ్ళ తెలుగును. బేసిక్‌లో కూర్చుని 'వాట్ ఈజ్ యువర్ నేమ్' వల్లిస్తున్నవాళ్ళలో ఒక కన్నడం అబ్బాయి ఆమెతో అయిదు నిమిషాలు ఆగకుండా ఇంగ్లిష్‌లో క్రికెట్ గురించి మాట్లాడాడట.

బొమ్మ చూపించి మాట్లాడించే పరీక్ష పెడతానంటోంది. కానీ భయపడుతోంది. లెవెల్ మారితే బేసిక్ ఫీజు పోతుంది, పైవాళ్ళు ఏమంటారో. గూగుల్ ఫారం సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఎన్.ఎస్. ప్రభు రాసింది గుర్తొచ్చి చెప్పాను. 1979 నుంచి 84 దాకా బెంగళూరు, మద్రాసు వైపు బళ్ళలో వ్యాకరణం విడిగా చెప్పకుండా పనులిచ్చి ఇంగ్లిష్ నేర్పిన ప్రయోగం ఆయనది, బయట దేశాలవాళ్ళు 'బెంగళూరు ప్రాజెక్ట్' అంటారు. అదే మనిషి 1990లో, అన్నిటికన్నా మేలైన పద్ధతి అంటూ ఏదీ లేదని వ్యాసం రాశాడు. చెప్పేవాడికి తన పాఠం ఎందుకు పనిచేస్తోందో తనకంటూ ఒక నమ్మిక ఉండాలి, అది కదులుతూ ఉండాలి అన్నది సారాంశం. టీచర్ల గురించి అన్నాడు. ఇంచార్జీలకు వద్దా? ఎంట్రన్స్ పరీక్ష ఎందుకు అలా ఉందంటే 'మొదటి నుంచీ అంతే' తప్ప మా దగ్గర జవాబు లేదు.

ఆగస్టు 16, శనివారం
పెనుకొండ

హెడ్మాష్టరు గారు ఒక్క ముక్క రాయలేదు. రాయరట. కానీ నెల రోజులుగా సాయంత్రాలు కంపెనీ బస్సులు ఆగే చోట టీ కొట్లో కూర్చుంటున్నారు.

ఇక్కడ మా పిల్లలు చేరేదంతా ఆ ఉద్యోగాల కోసమే. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం కుదిరింది, 2019లో కార్లు బయటికొచ్చాయి, చుట్టూ విడిభాగాల కంపెనీలు మొలిచాయి. మా సిలబస్ మాత్రం ఇంటర్వ్యూ దగ్గర ఆగుతుంది. 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' ఒక నెల. ఉద్యోగంలో చేరినవాళ్ళు ఆయనకు చెప్పింది వేరు. లైన్లో మాట్లాడుకునేది తెలుగు, తమిళం, ఎక్కువగా హిందీ. ఇంగ్లిష్ వచ్చేది కాగితం మీద, మిషను స్క్రీను మీద, షిఫ్టు గ్రూపు మెసేజుల్లో. షిఫ్టు మారేటప్పుడు 'ఫలానా చోట ఇది ఆగింది, ఇంత సేపు, ఇలా చేశాం' అని రెండు లైన్లు రాయడం రాక పక్కవాడికి టీ ఇప్పించి రాయించుకుంటున్నారు.

"ఆ టీ డబ్బులు మనకు కట్టిన ఫీజు కన్నా ఎక్కువైతాయి సార్" అని నవ్వారు. నేను నోటుబుక్ తీసి ఆయన చెబుతుంటే రాసుకున్నాను. ఇది ఆయన రిపోర్టు.

ఒక సందేహం మిగిలింది. టీ కొట్లో కలిసేది ఉద్యోగం దొరికినవాళ్ళే. దొరకనివాళ్ళకు ఆ ఇంటర్వ్యూ పాఠమే కావాలేమో. అదంటే "ఆళ్ళు యాడ కూర్చుంటారో కనుక్కుంటా" అన్నారు.

ఆగస్టు 29, శుక్రవారం

తెలుగు భాషా దినోత్సవం. స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్లలో గిడుగు రామమూర్తి ఫొటోకు దండ. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది, కానీ ఆయన కథ మా పనికి దూరం కాదు. వాడుక భాష గొడవకు నిప్పు పెట్టినవాళ్ళలో ఒకడు జె.ఎ. యేట్స్ అనే స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు. విశాఖ వైపు తిరుగుతూ, జనం మాట్లాడే తెలుగు ఒకటి, బళ్ళో పుస్తకంలో ఉన్నది ఇంకొకటి, ఎందుకిలా అని అడిగాడు. పర్లాకిమిడిలో గిడుగు, విశాఖలో కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, గురజాడ, ఆ ప్రశ్నను పట్టుకున్నారు. తనిఖీకి వచ్చిన అధికారి హాజరుపట్టీ మీద సంతకం పెట్టి వెళ్ళిపోకుండా ఒక ప్రశ్న అడిగాడు, అంతే.

సెప్టెంబరు 3, బుధవారం
హిందూపురం

చైర్మన్ గారి ముందు ముగ్గురూ చెప్పారు. ధర్మవరం అబ్బాయి పెన్సిలు గీతల రిజిస్టరు ఆయన చేతికే ఇచ్చాడు. చాలాసేపు తిప్పారు. మేడం బొమ్మల పరీక్షకు ఒక్క బ్యాచి మీద, మూడు నెలలు అని ఒప్పుకున్నారు. సోమవారం తునకల కోర్సు ధర్మవరంలో దసరా తర్వాత మొదలు. హెడ్మాష్టరు గారి షిఫ్టు రిపోర్టు పాఠానికి మాత్రం పుస్తకం ఏదని అడిగారు. లేదు, తయారు చేయాలి. ఆ రెండు లైన్ల నమూనాలు కంపెనీ పేర్లు తీసేసి పిల్లల దగ్గరే సంపాదించాలి.

టీచర్ల రిపోర్టులు డిసెంబరు నుంచి వాయిదా పడ్డాయి. ఇష్టమైనవాళ్ళు చేయొచ్చు, ఇంచార్జీలతో కలిసి.

అందరూ లేచాక ఆయన నన్ను ఆపారు. "అదంతా సరే. ఏ సోమవారమైనా చేరొచ్చంటే, బేసిక్ నుంచి పైకి ఎక్కిస్తే, ఫీజులో మనకు ఎంత తేడా వస్తుంది?"

"అది నాకు దొరకదు సార్. ఫీజు పుస్తకాలు మీ దగ్గరే ఉన్నాయి. మధ్యలో మానేసినవాళ్ళు కట్టని వాయిదాలెన్నో చూస్తే తెలుస్తుంది."

అకౌంటెంట్‌ను పిలిచి పోయిన రెండేళ్ళ రసీదు పుస్తకాలు తెమ్మన్నారు. ఏ సెంటరువి అని అతను అడిగితే, "ముందు ధర్మవరానివి" అన్నారు.